వెన్నెముక ఇంప్లాంట్‌కు అప్పు దేనికి? ఆ తర్వాతి మూడు నెలల సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 44. తాడిపత్రిలో చిన్న బండల పాలిషింగ్ యూనిట్ నడుపుతున్నా. రెండేళ్లుగా నడుము నొప్పి, ఎడమ కాలు లాగుతోంది. నడుములోని ఎల్4-ఎల్5 పూసల దగ్గర ఎముకలు అతికించకుండా, కదలిక పోకుండా ఉండే ఇంప్లాంట్ వేద్దామని బెంగళూరు సర్జన్ అన్నారు. కొన్ని నెలలు ఆగినా ఫర్వాలేదట. ఎస్టిమేట్ 4.60 లక్షలు, అందులో ఇంప్లాంటే 1.90 లక్షలు. నాలుగేళ్లు నిండిన 5 లక్షల ఆరోగ్య పాలసీ ఉంది, గది అద్దె పరిమితి రోజుకు పాలసీ మొత్తంలో 1 శాతం. ఇంప్లాంట్‌కు బీమా రాదని తెలిసినవాళ్లు చెబితే, ప్రోనోటు మీద నూటికి రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలు మాట్లాడుకున్నా. 5 లక్షల చిట్టీలో 20 కంతులకు 13 కట్టా, ఇప్పుడు పాడితే 60 వేలు పోతాయి. బంగారం 140 గ్రాములు, బ్యాంకులో 40 వేలు, ఐదు సెంట్ల స్థలం ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: నోటు రాసేశారా? రాయకపోతే అక్కడే ఆపండి. డాక్టరు ఆగొచ్చన్న ఆపరేషన్‌కు ప్రాణం మీదికి వచ్చినట్టు అప్పు చేస్తున్నారు. అదీ పాలసీ పత్రం తెరిచి చూడకుండా, ఎవరో చెప్పిన మాట మీద. నూటికి రెండంటే ఏడాదికి 24 శాతం. 3 లక్షలకు నెలకు 6 వేలు వడ్డీకే పోతాయి, అసలు అసలుగానే ఉంటుంది.

ఆపరేషన్‌లో శరీరం లోపల అమర్చే ఇంప్లాంట్ ఖర్చు మామూలుగా పాలసీ పరిధిలోకే వస్తుంది. డిస్క్ సమస్యలకు చాలా పాలసీల్లో ఉండే రెండేళ్ల వెయిటింగ్, అంటే క్లెయిమ్ ఇవ్వని గడువు, మీకు దాటిపోయింది. చిక్కు వస్తే వేరే చోట వస్తుంది. ఈ రకం పరికరాల్లో బాగా తెలిసిన డైనెసిస్‌నే తీసుకోండి. స్క్రూల మధ్య లోహపు కడ్డీ బదులు పాలిస్టర్ తాడు, దాని చుట్టూ ప్లాస్టిక్ స్పేసర్ ఉంటాయి. దీన్ని 2004లో అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఫ్యూజన్‌కు, అంటే ఎముకలు అతికించే ఆపరేషన్‌కు, తోడుగా వాడటానికి మాత్రమే అనుమతించింది. 2009లో ఈ తరహా వ్యవస్థల తయారీదారులందరినీ, అమ్మకాల తర్వాతి ఫలితాలు చూపమని ఆదేశించింది. అందుకే బీమా కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే టీపీఏ సంస్థ డాక్టరు 'నిరూపణ కాని చికిత్స' అనే మినహాయింపు ఎత్తే అవకాశం ఉంది.

దానికి మందు, ఆపరేషన్‌కు ముందే బీమా కంపెనీ నుంచి తీసుకునే అనుమతి. సర్జన్ లెటర్‌లో రోగ నిర్ధారణ, ఏ లెవెల్ (ఏ పూసల మధ్య), ఇప్పటిదాకా ఎన్ని వారాలు మందులు, ఫిజియోథెరపీ వాడారు, ఎంఆర్‌ఐ, ముందుకూ వెనక్కీ వంగినప్పుడు తీసిన ఎక్స్‌రేలు, ఇంప్లాంట్ కంపెనీ, మోడల్, ఒక లెవెల్‌కు నాలుగు స్క్రూలు, రెండు స్పేసర్లు అన్న లెక్క, ఫ్యూజన్ బదులు ఇదే ఎందుకు అన్నది రాయించండి. అడ్మిషన్ రోజు కాదు, వారం పది రోజుల ముందే పంపించండి.

కేస్ షీట్ మీదా ఒక కన్నేయండి. 'ఎన్నాళ్లుగా నొప్పి?' అని జూనియర్ డాక్టర్ అడిగితే, పక్కనున్న బంధువు 'ఎప్పటినుంచో ఉంది సార్, పదేళ్లయింది' అంటాడు. అది అలాగే ఎక్కుతుంది. పాత జబ్బు దాచారని క్లెయిమ్ కాదనడానికి బీమా కంపెనీకి ఉండే అరవై నెలల గడువు మీ పాలసీకి ఇంకా దాటలేదు, ఆ మాట రావడానికి ఆ ఒక్క ముక్క చాలు. రెండేళ్ల కిందటి మొదటి ఓపీ చీటీ, తేదీ కనబడేలా ఫైల్లో ముందు పెట్టండి.

ఇక గది. ఎస్టిమేట్‌లో రోజుకు 8 వేల గది, ఐదు రోజులు అని రాశారు. మీ పరిమితి 5 వేలు. గదికి 15 వేలు మీరు కట్టుకోవడంతో అయిపోదు. సర్జన్, మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ ఛార్జీలు కూడా అదే దామాషాలో, అంటే 37.5 శాతం కోసేస్తారు. అవి 1.80 లక్షలు కాబట్టి 67,500 పోతుంది. రెండూ కలిపి 82,500. ఇంప్లాంట్, మందులు, పరీక్షలకు ఈ కోత వర్తించదు. అంటే అనుమతి వస్తే మీరు భయపడిన ఇంప్లాంట్ సొమ్ము భద్రంగానే ఉంటుంది, గండి పడేది ఏసీ సింగిల్ రూమ్ దగ్గర. 5 వేల లోపు షేరింగ్ గది అడగండి. బీమా ఇవ్వని చేతి తొడుగులు వగైరాలకు ఓ 20 వేలు పక్కన పెట్టండి.

నేను అసలు అడగాలనుకున్నది ఇది: ఆపరేషన్ తర్వాత యూనిట్ ఎవరు చూస్తారు? బండలు ఎత్తడం, వంగడం కనీసం మూడు నెలలు కుదరదు. ఇంటి ఖర్చు 38 వేలు, మెషీన్ ఈఎంఐ 11 వేలు, ఇద్దరు పనివాళ్లకు 30 వేలు, చిట్టీ 25 వేలు అని మీరే లెక్క పంపారు. నెలకు 1.04 లక్షలు, మూడు నెలలకు 3.12 లక్షలు. దీనికి మామూలు ఆరోగ్య పాలసీ రూపాయి ఇవ్వదు. మీ చేతిలో ఉన్నది 40 వేలు. స్థలం కొన్నారు, చిట్టీ వేశారు, బంగారం చేయించారు, అత్యవసర నిధి అనే ఖాతా మాత్రం తెరవలేదు. మన వైపు వ్యాపారం చేసే ఇళ్లలో ఎక్కువగా ఇదే కథ.

డాక్టరు ఒప్పుకుంటే ఏడు నెలలు ఆగి, చిట్టీ ఆఖరి కంతు అయ్యాక చేయించుకోండి. కమిషన్ పోను 4.75 లక్షలు చేతికొస్తాయి. చిట్టీ కంతు ఉండదు కాబట్టి మూడు నెలల ఖర్చు 2.37 లక్షలకు దిగుతుంది. చేతి తొడుగులు వగైరాల 20 వేలూ తీసేసినా 2.18 లక్షలు మిగులుతాయి, పది వేలు తక్కువ ఆరు నెలల ఇంటి ఖర్చు. దాన్ని అవసరమైనప్పుడు తీసుకోగలిగే స్వీప్ ఎఫ్‌డీలో వేసి, యూనిట్‌కు మళ్లించకండి.

ఈలోగా కాలిలో బలం తగ్గినా, మూత్రం పట్టు తప్పినా ఆగకూడదు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. అలా వస్తే బ్యాంకులో బంగారం పెట్టండి. 3 లక్షలకు 10 శాతం వడ్డీ అనుకున్నా ఏడు నెలలకు 17,500. చిట్టీ పాడితే 60 వేలు, ప్రోనోటైతే 42 వేలు. చిట్టీ రాగానే నగలు విడిపించుకోండి.

అర్హత ఉంటే ఎన్టీఆర్ వైద్యసేవ గురించి నెట్‌వర్క్ ఆసుపత్రిలో వైద్యమిత్రను అడగండి. స్థలం ఇప్పుడు అమ్మొద్దు. ఒక పరిమితి దాటిన ఖర్చుకు పనికొచ్చే సూపర్ టాపప్ పాలసీ తీసుకోండి, కానీ నడుము సంగతి దాచకుండా రాయండి. వెయిటింగ్ ఎలాగూ పడుతుంది, తర్వాతి ఏళ్లకు పనికొస్తుంది.

డిశ్చార్జ్ రోజు ఇంప్లాంట్ ప్యాకెట్ల మీది స్టిక్కర్లు, ఎంఆర్‌పీ ఉన్న ఇన్‌వాయిస్ అడిగి తీసుకోండి. ఒక సెట్ క్లెయిమ్‌కు, ఒక సెట్ ఇంట్లో ఫైల్‌కు. ఎముక అతుక్కోదు కాబట్టి ఈ పరికరం మీద భారం ఏళ్ల తరబడి పడుతూనే ఉంటుంది. స్క్రూ వదులైతే మళ్లీ ఆపరేషన్ కావచ్చు, అప్పుడు లోపల ఏ మోడల్ ఉందో సర్జన్‌కు చెప్పేది ఆ స్టిక్కరే.