నాయనమ్మ జీవిత విశేషాలు: "ప్రార్థనాపరురాలు" అన్న మాట దాటి ఏం రాయాలి?

మీ ప్రశ్న ఇదీ: నాయనమ్మ ప్రభువునందు నిద్రించారు, వచ్చే వారం జ్ఞాపకార్థ కూడిక, అందులో చదివే జీవిత విశేషాలు రాసే పని మీ మీద పడింది. రాద్దామని కూర్చుంటే "భక్తిపరురాలు, ప్రార్థనాపరురాలు, మనవల్ని ప్రేమగా పెంచింది" దగ్గరే కలం ఆగిపోతోంది.

ముందు ఆ మూడు మాటలూ కొట్టేయండి. అవి అబద్ధమని కాదు. మన సంఘాల్లో ఏ పెద్దావిడ పోయినా అవే చదువుతారు కాబట్టి ఎవరి చెవికీ ఎక్కవు. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో తబితా చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురు ముందు ఆమె గుణగణాలు వల్లించలేదు. ఆమె కుట్టిపెట్టిన అంగీలూ బట్టలూ చూపించారు. మీరూ అలా చూపించగలిగినవే వెతకాలి.

అవి మీ దగ్గర కంటే ఇతరుల దగ్గర ఎక్కువ ఉంటాయి. కానీ "ఆవిడ ఎలాంటిది?" అని అడిగితే "దేవత, బాబూ" అంటారు, మాట అక్కడితో అయిపోతుంది. చిన్న ప్రశ్నలు వేయాలి. పొద్దున ఎన్నింటికి లేచేది? ప్రార్థన ఎక్కడ చేసేది, మోకాళ్ళ మీదా, మంచం మీద కూర్చునా? ప్రార్థనలో పిల్లల పేర్లు ఏ వరుసలో వచ్చేవి? చాలా ఇళ్ళల్లో ఈ వరుస ఎవరో ఒకరికి నోటికి వచ్చే ఉంటుంది, ఎందుకంటే తమ పేరు ఎప్పుడొస్తుందా అని చిన్నప్పుడు కాచుకుని విన్నారు. ఆ వరుసను ఉన్నదున్నట్టు రాయండి. పేరు తర్వాత ఆవిడ ఏమని అడిగేది, "ఉద్యోగం" అనా, "తాగుడు మానాలి" అనా, అది కూడా తెలుస్తుంది. అయితే రెండోది చదవాలా వద్దా అన్నది వేరే సంగతి.

పిల్లల విషయం కూడా అంతే. బడి నుంచి రాగానే మొదట ఏం చేయమనేది? జ్వరం వస్తే రాత్రి ఎవరి పక్కన పడుకునేది? ఆదివారం గుడికి బయల్దేరేముందు కానుక డబ్బులు పిల్లల చేతిలో పెట్టేదా, రుమాలు కొసకి ముడి వేసేదా? క్రిస్మస్‌కి కంఠత వాక్యం చెప్పించేటప్పుడు తడబడితే తిట్టేదా, పక్క నుంచి అందించేదా? కొన్ని సంఘాల్లో పిడికెడు బియ్యం పద్ధతి ఉండేది. అన్నానికి బియ్యం కొలిచాక అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయడం, వారం చివర గుడికి ఇవ్వడం. మీ ఇంట్లో అది ఉండి ఉంటే, ఇంట్లో బియ్యం తక్కువైన రోజుల్లో ఆవిడ ఏం చేసేదో అడగండి. ఆ ఒక్క జవాబు రెండు పేజీల విశేషణాల కంటే ఎక్కువ చెబుతుంది.

సొంత పిల్లల్నే కాక, ఆవిడ చేతి అన్నం తిని పెరిగిన పక్కింటి పిల్లలనీ, ఇంట్లో ఉండి చదువుకున్న బంధువులనీ, స్త్రీల సమాజంలో ఆవిడతో తిరిగినవాళ్ళనీ అడగండి. ఫోన్‌లో రికార్డు చేయండి. ఎనభై దాటినవాళ్ళతో ఒక్కసారికి అరగంట చాలు, పొద్దున పూటైతే మేలు.

తారీఖుల దగ్గర జాగ్రత్త. ఆధార్‌లో జనవరి 1 అని ఉంటే అది చాలామటుకు ఎవరో వేసిన అంచనా. సంఘంలో బాప్తిస్మపు రిజిస్టరు చూడమని అయ్యగారిని, అంటే పాస్టరుగారిని, అడగండి. లూథరన్, సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాల్లో పసిపిల్లలకే బాప్తిస్మం ఇస్తారు కాబట్టి పుట్టిన తేదీ పక్కనే దొరికే అవకాశం ఎక్కువ. బాప్టిస్టు సంఘాల్లో తెలివి వచ్చాక తీసుకుంటారు, కాబట్టి ఆ తేదీని బట్టి వయసు లెక్కగట్టకండి. పెళ్ళి రిజిస్టరులో వయసు, తండ్రి పేరు, సాక్షుల సంతకాలు ఉంటాయి. ఆవిడ పుట్టింటి ఇంటిపేరు, సంతకం ఎలా పెట్టేదో తెలిసేది అక్కడే. పేరు దొరకకపోతే పాత పేరుతో వెతకండి. బడి రికార్డులో ఒక పేరు, సంఘంలో ఒక పేరు ఉన్న పెద్దలు మనలో తక్కువేం కాదు. కూడికలో పంచే కార్డు మీద రెండూ వేయాలా అన్నది మాత్రం ఇంటి పెద్దలను అడగకుండా తేల్చకండి. పిల్లల కుల సర్టిఫికెట్లతో ముడిపడిన సంగతి అది.

చరిత్ర దగ్గర తరచూ జరిగే పొరపాట్లు రెండున్నాయి. "1942లో సి.ఎస్.ఐ. సంఘంలో బాప్తిస్మం" అని రాస్తారు. సి.ఎస్.ఐ. ఏర్పడింది 1947 సెప్టెంబరు 27న. అంతకుముందు దోర్నకల్ వైపు ఆంగ్లికన్, మెదక్ వైపు వెస్లియన్ మెథడిస్టు, జమ్మలమడుగు వైపు లండన్ మిషన్ సంఘాలు ఉండేవి. అలాగే "1938లో ప్రకాశం జిల్లాలో జన్మించారు" అని రాస్తారు. ఆ జిల్లా 1970లో ఏర్పడింది. అప్పటికి ఒంగోలు గుంటూరు జిల్లాలో ఉండేది. ఊరి పేరు రాసి "నేటి ప్రకాశం జిల్లా" అంటే సరిపోతుంది.

ఆవిడ బైబిలు, పాటల పుస్తకం ఎవరూ పంచుకోకముందే ఫోటోలు తీయండి. కిటికీ దగ్గర, పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఫోన్‌ను పేజీకి సమాంతరంగా పట్టుకుని. ముందు అట్ట లోపలి పేజీ, పాత నిబంధనకీ కొత్త నిబంధనకీ మధ్య పేజీలు తీయండి. పెళ్ళిళ్ళు, పుట్టుకలు అక్కడే రాసుకుంటారు. మధ్యలో దాచిన చీటీలను బయటికి తీసే ముందు ఉన్నచోటే ఫోటో తీయాలి. ఏ కీర్తన దగ్గర ఏ చీటీ పెట్టిందన్నది ఒక్కసారి చెదిరితే మళ్ళీ తెలియదు. చిరిగిన పేజీలకు సెల్లోటేపు వేయకండి, కొన్నేళ్ళకి జిగురు పసుపెక్కి అక్షరాల మీదికి పాకుతుంది. లామినేషన్ అసలే వద్దు. తెల్లటి నూలు గుడ్డలో చుట్టి బీరువా పై అరలో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే కోస్తా ఉక్కకి బూజు పడుతుంది.

కూడికలో పాడాల్సిన పాటలు ఆ పుస్తకంలో ఎక్కువ నలిగిన పేజీల్లోనే ఉంటాయి. కార్డు మీద పాట నంబరుతో పాటు మొదటి చరణం కూడా వేయండి. పుస్తకం మారితే నంబరు మారుతుంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు అనే పాటల పుస్తకంలో పాట పైన రాగం, తాళం ఇస్తారు. అయినా ఆవిడ పాడిన వరస ఊరి వరస. దాన్ని ఒక పెద్దావిడ చేత పాడించి, కీబోర్డు వాయించే కుర్రాడికి ముందే వినిపించండి, లేకపోతే అతను తన వేగంలో లాగించేస్తాడు.

ఇక రాయడం. చదవడానికి అయిదు నిమిషాలు చాలు. నెమ్మదిగా చదివితే తెలుగులో సుమారు 450 మాటలు, పెద్ద అక్షరాల్లో రెండు పేజీలు. చాలా కాగితాల్లో సగం ఆఖరి రోజులే ఉంటాయి: ఏ ఆసుపత్రి, ఏ స్కాన్, ఏ డాక్టరు. ఎనభై ఏళ్ళ బతుకులో ఆ పది రోజులకి రెండు వాక్యాలు మించి ఇవ్వకండి. రెండో చిక్కు పేర్ల జాబితా. కొడుకులు, కోడళ్ళు, అల్లుళ్ళు, మనవలు అంటూ చదివితే మూడు నిమిషాలు పోతాయి, ఒక్క పేరు తప్పితే వచ్చే సంవత్సరం కూడిక దాకా మాటలుండవు. పేర్లన్నీ కార్డు మీద వేసి, చదివేటప్పుడు "ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు" అని ఊరుకోండి. పసితనంలో పోయిన బిడ్డలుంటే వాళ్ళనీ లెక్కలో చేర్చండి. ఆవిడ చేర్చే ఉంటుంది. చదివేవాళ్ళు ప్రసంగంలోకి దిగకూడదు, అది అయ్యగారి పని. ఆయనకి ఒక ప్రతి ముందురోజు సాయంత్రమే ఇస్తే వాక్యం దానికి తగ్గట్టు ఎంచుకుంటారు. గుణవతి అయిన భార్య గురించి చెప్పే సామెతలు 31 ఎలాగూ వస్తుంది. 2 తిమోతి 1:5లో తిమోతి అవ్వ లోయి పేరు ఎత్తి పౌలు ఆమె విశ్వాసాన్ని గుర్తుచేస్తాడు, అది మీ సందర్భానికి ఇంకా దగ్గర. ఏడుపు ఆపుకోలేని మనవరాలు చదవాలనుకుంటే చదవనివ్వండి, కానీ రెండో ప్రతి పట్టుకుని పక్కన ఒకరు నిలబడాలి.

ప్రెస్సులో కార్డు వేయించేటప్పుడు వాట్సాప్‌లో పంపిన యూనికోడ్ తెలుగును (ఫోన్‌లో టైపు చేసే తెలుగును) వాళ్ళు ప్రెస్సుల్లో వాడే "అను" (Anu) అనే ఫాంట్లలోకి మారుస్తారు. ఒత్తులు అక్కడే ఎగిరిపోతాయి. తెర మీద కాదు, కాగితం మీద ప్రూఫ్ తీయించి పేర్లు అక్షరం అక్షరం చూడండి. మరణ ధ్రువపత్రంలోనూ ఇదే స్పెల్లింగు ఉండాలి. 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే ఆలస్య రుసుము ఉండదు.

సమాధి కట్టడానికి తొందరపడకండి. నల్లరేగడిలో పూడ్చిన మట్టి కుంగుతుంది, పైగా వానలకి ఉబ్బి ఎండకి బిగుస్తుంది. ఒక వానాకాలం దాటకముందు గ్రానైటు పరిస్తే బీటలు తప్పవు. సమాధుల పండుగ వచ్చేస్తోందని మేస్త్రీని తొందరపెట్టి చేయించినవే ముందు పగులుతాయి. అప్పటిదాకా చెక్క సిలువ మీద పేరు రాయించండి.

ఆవిడ పేరు మీద ఏదైనా చేయాలని మీవాళ్ళు అంటున్నారని రాశారు. గుడికి ఫ్యాను ఇచ్చి రెక్కల మీద పేరు రాయించే ఆనవాయితీ ఉంది, అది తిరిగేటప్పుడు ఎవరికీ కనిపించదు. పిల్లలంటే ప్రాణం పెట్టిన మనిషికి సండే స్కూల్లో కంఠత వాక్యాల బహుమతి సరిపోతుంది. పదివేలు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే, ఏడు శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి ఏడువందలు వస్తాయి, పిల్లలకి మూడు నాలుగు పుస్తకాలు. డబ్బు ఏ ఒక్కరి చేతికో కాక సంఘం ఖాతాకే ఇచ్చి, కమిటీ తీర్మానంలో రాయించి ఒక నకలు తీసుకోండి. అయ్యగార్లు బదిలీ అవుతారు, కొత్తగా వచ్చినాయనకి ఆ కాగితమే ఆధారం.