బొగ్గుబాయి ఊళ్లో జాగ కొంటున్నారా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

సింగరేణి ఊళ్లలో ఇంటి స్థలాలు, పాత ఇళ్ల గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. గని సర్వే, పునాదుల పని, భూమి కాగితాలు తెలిసినవాళ్లు కలిసి రాసినవి ఇవి.

ప్రశ్న: మా నాయన బాయి పనికి వచ్చేనాటికి గోదావరిఖనిలో గుడిసెలే ఉండేవట. ఇప్పుడు కాలనీకీ కాలనీకీ మధ్య ఖాళీగా ఉన్న జాగల్లో ప్లాట్లు అమ్ముతున్నారు. పక్క కాలనీతో పోలిస్తే ధర బాగా తక్కువ. ఇన్నేళ్లు ఆ జాగ ఎందుకు ఖాళీగా ఉంది? కొనొచ్చా?
– ఒక పాఠకుడు, గోదావరిఖని

జవాబు: ఈ ఊరు పెరిగిన తీరు చూస్తే ఆ ఖాళీ ఎందుకు మిగిలిందో తెలుస్తుంది. సింగరేణి బొగ్గు తవ్వకం 1889లో ఇల్లందు దగ్గర మొదలైంది. రామగుండం వైపు గనులు తెరిచింది మాత్రం 1960ల మొదట్లో. ఇంక్లైన్ (గనిలోకి ఏటవాలుగా దిగే దారి) ఎక్కడ దించితే దాని పక్కనే క్వార్టర్లు, క్వార్టర్లను ఆనుకుని గుడిసెలు, ఆ పక్కన అంగడి. అలా బాయికో కాలనీ లేచింది. తర్వాత థర్మల్ కేంద్రం, ఎరువుల ఫ్యాక్టరీ, 1983లో ఎన్టీపీసీ మొదటి యూనిట్ వచ్చాయి. 2009లో రామగుండం కార్పొరేషన్ అయింది. 1990ల మొదట్లో సింగరేణి మొత్తంలో లక్ష దాటిన కార్మికుల సంఖ్య ఇప్పుడు నలభై వేల దరిదాపులకు పడిపోయింది. అయినా ఊరు ఖాళీ కాలేదు. రిటైరైనవాళ్లు పిల్లల చదువులు, ఆసుపత్రి, బజారు ఉన్నచోటే ఇల్లు కట్టుకుని ఉండిపోయారు. అందుకే ఇప్పుడు కాలనీల మధ్య జాగలకు గిరాకీ వచ్చింది.

బొగ్గు మాత్రం ఆ జాగల కింద నుంచే ఎక్కువగా తీశారు. సంస్థది కాని ఇల్లు, రోడ్డు, రైలు పట్టాలకు 45 మీటర్ల లోపు కింద తవ్వాలన్నా, పైకప్పు నిలిపేందుకు వదిలిన బొగ్గు పిల్లర్లు తీయాలన్నా గనుల భద్రతా డైరెక్టరేట్ అనుమతి కావాలి. పైన ఏమీ లేని నేల కింద ఆ చిక్కు లేదు. కాబట్టి రెండు కాలనీల మధ్య బయలు ఉందంటే, దాని కింద గోఫ్ ఉందేమో, అంటే బొగ్గు తీసి వదిలేసిన చోటేమో అని ముందుగా అనుమానించాలి.

కింద మూడు రకాల నేల ఉంటుంది: పిల్లర్లు మిగిలినది, కూలనిచ్చినది, ఇసుకతో నింపినది. ముందు గ్యాలరీలు (సొరంగాలు) తోలి, మధ్యలో బొగ్గు పిల్లర్లు వదులుతారు. గ్యాలరీ వెడల్పు 4.8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు దాటకూడదని నిబంధన. తర్వాత పిల్లర్లు కూడా తీస్తారు, అదే డిపిల్లరింగ్. కేవింగ్ పద్ధతిలో పైకప్పును కూలనిస్తారు. అప్పుడు తీసిన పొర మందంలో సగానికి పైగా పైనేల దిగొచ్చు. 3 మీటర్ల పొర తీస్తే మీటరున్నర, ఒక్కోచోట ఇంకా ఎక్కువ. స్టోయింగ్ పద్ధతిలో గోదావరి ఇసుకను నీళ్లతో కలిపి పైపుల్లో పంపి ఖాళీ నింపుతారు. అది సరిగ్గా జరిగితే దిగేది సుమారు 5 శాతమే, అంటే 3 మీటర్ల పొరకు 15 సెంటీమీటర్లు.

చాలామంది పొరపడేది ఇక్కడే. కేవింగ్ అనగానే భయపడి, ‘కింద పిల్లర్లు అలాగే ఉన్నాయి’ అనగానే నిశ్చింతగా ఉంటారు. కేవింగ్ చేసిన చోట నేల దిగాల్సింది చాలావరకు మొదటి ఏడాది రెండేళ్లలోనే దిగిపోతుంది. ఇరవై ఏళ్ల కింద కూలిన చోటు ఇప్పటికి కుదురుకుని ఉంటుంది. తక్కువ లోతులో, 30–50 మీటర్ల లోపు, పాత పిల్లర్ల మీద నిలబడ్డ నేల సంగతి వేరు. నీళ్లు నిండి, బొగ్గు అంచులు రాలి, గ్యాలరీలు కలిసే జంక్షన్ పైకప్పు కొద్దికొద్దిగా ఊడుతుంది. ఏ వానాకాలంలోనో ఒక్కసారిగా బావిలాంటి గుంట పడుతుంది. అది ఎప్పుడు జరుగుతుందో లెక్కకట్టడం ఎవరి తరమూ కాదు. అలాంటి చోట ఎంత చవకగా వచ్చినా ఇల్లు కట్టొద్దన్నది మా గట్టి మాట.

ఇంకో సంగతి. దెబ్బ బొగ్గు తీసిన చోటికే పరిమితం కాదు. అంచు దాటి బయటికీ పోతుంది. నిలువు గీత నుంచి 35 డిగ్రీల కోణం వేసుకుంటే, 100 మీటర్ల లోతున బొగ్గు తీసిన హద్దు నుంచి సుమారు 70 మీటర్ల దాకా పైనేల కదలొచ్చు. మధ్యలో నేల మొత్తం ఒకేలా దిగుతుంది. అంచున మాత్రం సాగుతుంది, కాబట్టి గోడలు చీలేది అక్కడే. ప్లాటుకు వెళ్లినప్పుడు కింద చూస్తూ నడవండి. వరుసగా ఒకే దిక్కుకు పోయే నెర్రెలు, కొత్తగా మట్టి పోసి పూడ్చిన చాళ్లు, ఒకవైపు ఒరిగిన కరెంటు స్తంభాలు, నీళ్లు నిలిచే పళ్లెంలాంటి పల్లం కనిపిస్తే బేరం ఆపి మ్యాపు సంగతి చూడండి.

ప్రశ్న: ఆ మ్యాపు ఎవరిని అడగాలి? సర్వే ఆఫీసుకు పోతే ‘బయటివాళ్లకు చూపించం’ అంటారని చెబుతున్నారు.
– ఒక పాఠకురాలు, శ్రీరాంపూర్

జవాబు: నోటిమాటగా అడిగితే నోటిమాటగానే పంపేస్తారు. సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా అడగండి. రుసుము 10 రూపాయలు, జవాబు గడువు 30 రోజులు. రాకపోయినా, అరకొరగా వచ్చినా 30 రోజుల్లో మొదటి అప్పీలు చేయాలి. అక్కడా పని కాకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు వెళ్లొచ్చు.

‘నా ప్లాటు భద్రమేనా’ అని రాస్తే జవాబు రాదు. అది అభిప్రాయం అడిగినట్టు అవుతుంది, రికార్డు అడిగినట్టు కాదు. గ్రామం, సర్వే నంబరు, హద్దులు, నాలుగు మూలల అక్షాంశ రేఖాంశాలు (ఫోన్‌లో తీసుకున్నవైనా చాలు) ఇచ్చి, రికార్డులో ఉన్నదే అడగండి. ఈ నేల కింద ఏ గని, ఏ సీమ్‌లు (బొగ్గు పొరలు) పనిచేశాయి? ఒక్కో సీమ్ ఎంత లోతులో ఉంది, ఎంత మందం తీశారు? పిల్లర్లు ఉన్నాయా, తీశారా, తీస్తే ఏ సంవత్సరంలో? కేవింగా, స్టోయింగా? ఇక ముందు ఇక్కడ తవ్వే ప్రతిపాదన ఉందా? ఆ భాగం ప్లాను నకలు కూడా కోరండి.

ఒక్క సీమ్ గురించే జవాబిస్తే అక్కడితో ఆగొద్దు. కొన్నిచోట్ల ఒకదాని కింద ఒకటి రెండు మూడు సీమ్‌లు తీసి ఉంటారు. పై సీమ్‌లో ఇసుక నింపినా, కింది సీమ్ తర్వాత కూల్చి ఉంటే పైనేల మళ్లీ కదిలే ఉంటుంది. పాత ప్లాన్లలో గ్యాలరీ గీత కొన్ని మీటర్లు అటూ ఇటూ ఉండే అవకాశమూ ఉంది. కాబట్టి బొగ్గు తీసిన హద్దుకు ఆనుకుని ఉన్న ప్లాటును హద్దు లోపలిదిగానే లెక్కేసుకోండి.

ప్రశ్న: మా ఇంటికి కొద్ది దూరంలో ఓసీ (ఓపెన్‌కాస్ట్ గని) ఉంది. బ్లాస్టింగ్ జరిగినప్పుడల్లా కిటికీలు అదురుతాయి. గోడలకు పగుళ్లు వచ్చాయి. అడిగితే నల్లరేగడి నేల వల్ల అంటున్నారు. ఏది నిజమో తేల్చేదెలా?
– ఒక పాఠకుడు, సెంటినరీ కాలనీ

జవాబు: రెండూ నిజం కావచ్చు. ఒక పగులు ఏ రకమో తేలాలంటే కొలవాలి. పగులుకు అడ్డంగా రెండు మూడు చోట్ల సన్నటి గాజు ముక్క పెట్టి రెండు కొసలూ ఎపాక్సీతో అంటించండి. పెయింటు, సున్నం గీకేసి గట్టి గోడకే అంటించాలి, లేదంటే పెచ్చు ఊడి తప్పుడు సంగతి చెబుతుంది. పక్కన పెన్సిల్‌తో తేదీ రాయండి. పగులు రెండు కొసల దగ్గరా గీత గీసి, అది దాటి ఎంత పోయిందో వారానికోసారి స్కేలుతో కొలవండి. స్కేలు కనిపించేలా ఫొటో తీయండి. పక్కనే ఒక నోటుబుక్కులో బ్లాస్టింగ్ జరిగిన రోజు, సమయం, వాన పడిన రోజులు రాసుకోండి.

నల్లరేగడి పగులు ఎండాకాలంలో తెరుచుకుని వానలకు మూసుకుంటుంది. తలుపులు ఒక కాలంలో బిగుసుకుని ఇంకో కాలంలో వదులవుతాయి. నేల కుంగిన పగులు గోడలో మెట్లుమెట్లుగా ఏటవాలుగా పోయి, గచ్చు దాటి, ప్రహరీలోనూ వాకిట్లోనూ అదే వరుసలో కనిపిస్తుంది. మళ్లీ మూసుకోదు. బ్లాస్టింగ్‌వి ఎక్కువగా ప్లాస్టర్‌లో వెంట్రుక వాసి చీలికలు, కిటికీ మూలల్లో, గోడా శ్లాబూ కలిసే చోట. పాత పగులును పెద్దది చేయడం కూడా దాని పనే.

సంస్థకు చెందని ఇళ్ల దగ్గర నేల అదురుకు భద్రతా డైరెక్టరేట్ 1997 సర్క్యులర్ ప్రకారం పరిమితి ఉంది. అదురు 8 హెర్ట్జ్ (సెకనుకు 8 కంపనాలు) లోపు ఉంటే నేల కదిలే వేగం సెకనుకు 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 హెర్ట్జ్ దాకా 10, అంతకు మించితే 15. కాబట్టి గని మేనేజరుకు రాసేటప్పుడు ‘ఇల్లు అదురుతోంది’ అనే మాటతో వదిలేయకుండా, ‘మా ఇంటి పునాది దగ్గర పరికరం పెట్టి, వేగమూ ఫ్రీక్వెన్సీ రెండూ కొలిచి రీడింగు నకలు ఇవ్వండి’ అని అడగండి. మామూలు రోజు బ్లాస్టింగ్‌కే కొలవాలని రాయండి. కొలిచే రోజున మందు తగ్గించి పేలిస్తే ఆ రీడింగుకు విలువ లేదు. మీ నోటుబుక్కు పనికొచ్చేది అప్పుడే. నకలు భద్రతా డైరెక్టరేట్ ప్రాంతీయ కార్యాలయానికీ పంపి, రసీదు దాచుకోండి. రాళ్లు ఇంటి వరకు వస్తుంటే ఆగకుండా అదేరోజు రాయండి. బ్లాస్టింగ్ చుట్టూ 500 మీటర్లు ప్రమాద పరిధి.

ప్రశ్న: గుంతగా ఉన్న మా ప్లాటును ఓబీ మట్టితో (ఓపెన్‌కాస్ట్ గనిలో బొగ్గు పైనుంచి తీసి పోసిన మట్టి) నింపిస్తామంటున్నారు. ఇంకొకరు థర్మల్ కేంద్రం బూడిద చవక అంటున్నారు. ఏది మేలు?
– ఒక పాఠకుడు, మందమర్రి

జవాబు: పునాది కిందికైతే పోసిన మట్టి ఏదైనా మంచిది కాదు. ఓబీలో రాయి, బంకమట్టి, నల్లటి షేల్ (పొరలు పొరలుగా విడిపోయే మెత్తటి రాయి) కలిసి వస్తాయి. టిప్పర్లతో ఒకేసారి దించి పైన చదును చేస్తే లోపల ఖాళీలు మిగిలి, మొదటి గట్టి వానకే మెత్తగా దిగుతుంది. బొగ్గు ముక్కలున్న షేల్ గాలి తగిలి లోలోపల వేడెక్కి పొగ కూడా పెట్టగలదు. గంధకం ఎక్కువైతే కాంక్రీటును తినేస్తుంది. బూడిద తేలిక, తడిస్తే జారిపోతుంది, అంచున కట్ట లేకపోతే వానకు కొట్టుకుపోతుంది.

నింపక తప్పదంటే నల్ల షేల్, పెద్ద రాళ్లు ఏరేసి, 20–25 సెంటీమీటర్ల పొరలుగా పోసి, తగినంత తడిపి, ఒక్కో పొరా రోలరుతో తొక్కించాలి. ఆ పైన ఆవరణ, బండ్లు నిలిపే చోటు చేసుకోండి. ఇంటి పునాది మాత్రం అసలు నేల దాకా దించండి. నింపిన లోతు ఒక మూల ఒక అడుగు, ఇంకో మూల ఎనిమిది అడుగులు ఉన్నచోట ఆ పోసిన మట్టి మీదే విడివిడి పిల్లర్ ఫుటింగులు వేస్తే ఇల్లు ఒరగడం ఖాయం. మట్టిలో సల్ఫేటు పరీక్ష చేయించకుండా సిమెంటు కొనొద్దు.

కుంగే అవకాశం కొద్దిగా ఉన్న నేల మీద కట్టేవాళ్లకు కూడా ఇక్కడే చెబుతున్నాం. ఇల్లు చిన్నగా, చదరంగా, తేలిగ్గా ఉండాలి. పొడుగు 15–18 మీటర్లు దాటితే మధ్యలో పూర్తిగా విడగొట్టండి. 10–15 సెంటీమీటర్ల ఇసుక పరిచి, దాని మీద పాలిథీన్ షీటు వేసి, ఆ పైన రెండు వరుసల ఇనుముతో రాఫ్ట్ (ఇల్లంతటి కిందా ఒకే శ్లాబులాంటి పునాది) వేస్తే కింద నేల సాగినా రాఫ్ట్ దాని మీద జారుతుంది, చీలదు. రాఫ్ట్ మందం, ఇనుము ఎంతో స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్కగట్టాలి, మేస్త్రీ అంచనా చాలదు. ప్లింత్, లింటెల్, రూఫ్ మూడు మట్టాల్లోనూ బ్యాండు (ఇనుము వేసిన కాంక్రీటు పట్టీ) ఆగకుండా చుట్టూ తిరగాలి. తలుపు దగ్గర లింటెల్ బ్యాండు తెగ్గొడితే వేసిన ఖర్చంతా వృథా.

ప్రశ్న: ఇల్లందులో ఒకరు సింగరేణి క్వార్టరు అమ్ముతానంటున్నారు. స్టాంపు కాగితం మీద రాసిస్తారట.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: కొనొద్దు. క్వార్టరు సంస్థ ఆస్తి. అందులో ఉంటున్నవాళ్లు స్టాంపు కాగితం మీద రాసిచ్చేది హక్కు కాదు. సంస్థ ప్రభుత్వానికి అప్పగించిన నేలలో ఇళ్లు కట్టుకున్నవాళ్లకు జీవో 76 కింద క్రమబద్ధీకరణ జరిగింది. అలాంటి ఇల్లయితే పట్టా ఎవరి పేరున ఉంది, అందులో అమ్మకం మీద షరతులేమున్నాయో అసలు కాగితం చూసి తెలుసుకోండి. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) ఒక్కటే సరిపోదు. సర్వే నంబరు 22-ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో ఉందేమో, అసైన్డ్ భూమేమో, బొగ్గు కోసం సేకరణ నోటిఫికేషన్ పడిందేమో మూడూ విడిగా చూడాలి. ఇల్లందు, మణుగూరు చుట్టుపక్కల ఏజెన్సీ గ్రామాల్లో 1/70 చట్టం కింద గిరిజనేతరులు భూమి కొనడం చెల్లదు. మధ్యలో ఎన్ని చేతులు మారినా చెల్లదు.

ప్రశ్న: ఓసీ దగ్గరి మా బావి ఎండిపోయింది. బోరు వేయించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, నస్పూర్

జవాబు: గనిలో నిరంతరం నీళ్లు తోడుతుంటే చుట్టూ నీటిమట్టం దిగుతుంది, బావులు ముందు పోతాయి. బోరుకు ముందు కింద పాత పనులున్నాయేమో పైన చెప్పినట్టే అడగండి. బోరు గ్యాలరీలోకి దిగితే కేసింగ్ నిలవదు, గాలి, పాత నీళ్లు పైకి రావచ్చు. నీళ్లు పడితే తాగే ముందు ల్యాబులో పరీక్ష చేయించండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు మేలు, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా. సల్ఫేటు 200, గరిష్ఠంగా 400. ఫ్లోరైడు 1, గరిష్ఠంగా 1.5. నీళ్లు తేటగా వచ్చి, బిందెలో కాసేపు నిలిచాక ఎర్రబడితే ఇనుము ఎక్కువున్నట్టు. గాలి తగిలేలా పై నుంచి పోసి, ఒక రాత్రి నిలవ ఉంచి, ఇసుక ఫిల్టరులో వడకడితే చాలావరకు పోతుంది. సల్ఫేటు, ఫ్లోరైడు మాత్రం మరిగించినా వడకట్టినా పోవు, వాటికి ఆర్వో కావాలి.