తాతగారి ఎయిర్ పిస్టల్‌కి పెట్టె: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా తాతగారి వెబ్లీ సీనియర్ ఎయిర్ పిస్టల్ ఇన్నాళ్లూ బీరువాలో తువ్వాల్లో చుట్టి ఉంది. పొడవు 22 సెం.మీ., ఎత్తు 14, మందం మూడున్నర. పాత ఇంగ్లీషు పద్ధతిలో గుళ్ల డబ్బా, నూనె సీసా, గొట్టం తుడిచే ఊచ అన్నీ అమిరే చెక్కపెట్టె చేయించాలనుంది. వడ్రంగికి ఏమని చెప్పాలి?
– ఒక పాఠకుడు, మహారాణిపేట

జవాబు: ముందు తువ్వాలు తీసేయండి. నూలుబట్ట చెమ్మ పీల్చి ఇనుముకి అంటిపెట్టుకుని ఉంటుంది. బర్మింగ్‌హామ్ వెబ్లీ కంపెనీ 1924లో ఎయిర్ పిస్టళ్లు మొదలుపెట్టింది, సీనియర్ 1930లో వచ్చింది. అప్పట్లో వీటిని అట్టపెట్టెల్లో అమ్మేవారు. ఆ అట్టపెట్టె ఇంట్లో ఎక్కడైనా ఉంటే ఎంత చిరిగినా పారేయకండి. సేకరించేవాళ్లు కొత్త చెక్కపెట్టె కంటే దానికే ఎక్కువ విలువిస్తారు.

ఇంగ్లీషు పద్ధతి అంటే లోపల నిలువు, అడ్డం పట్టీలతో గదులు చేయడం. ఫ్రెంచి పద్ధతిలో వస్తువు ఆకారానికే గుంట తవ్వుతారు. సముద్రపు చెమ్మ ఉండే మన విశాఖకి మొదటిదే మేలు. గుంటలో ఇనుము నాలుగు వైపులా బట్టకి ఒత్తుకుని గాలాడదు.

లోపలి కొలత 30 × 20 సెం.మీ. పెట్టుకోండి. పిస్టల్ గది 23 × 15, పక్కన నూనె సీసాకి 6 సెం.మీ. వరస, పైన ఊచకి 4 సెం.మీ. పట్టీ. గొట్టం కింద, పిడి ముందు మూల ఎలాగూ ఖాళీగా ఉంటుంది కాబట్టి గుళ్ల డబ్బా అక్కడ కూర్చుంటుంది. పట్టీలు 6 మి.మీ. మందం, 35 మి.మీ. ఎత్తు. రెండు పట్టీలు కలిసేచోట సగం సగం కోసి ఒకదానిలో ఒకటి దించాలి.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. చెక్కతో గదులు చేసి పిస్టల్ పెట్టి చూస్తారు, సరిగ్గా పడుతుంది. వెల్వెట్ అంటించాక పట్టదు. వెల్వెట్ పట్టీకి ఒక్కో ముఖాన ఒక మి.మీ. పెరుగుతుంది. అందుకే పై కొలతల్లో ఆ తేడా కలిపే చెప్పాం. ‘ఇంత వదులెందుకండీ’ అని వడ్రంగి తగ్గించబోతే ఒప్పుకోకండి.

చెక్కకి పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే ద్వారబంధాల టేకు వెతకండి. దశాబ్దాలు ఆరిన చెక్క మెలి తిరగదు. చిత్రిక పట్టేముందు మేకులు మిగిలాయేమో అయస్కాంతంతో చూడాలి. టేకులో సహజంగా నూనె ఉంటుంది కనుక అతుకు ముఖాలను అసిటోన్‌తో తుడిచి, ఆరిన పది నిమిషాల్లోనే జిగురు పెట్టాలి. లేకపోతే ఎంత బిగించినా కొన్నాళ్లకు అతుకు విడిపోతుంది. ఓక్ జోలికి మాత్రం పోవద్దు. చూడటానికి బాగుంటుంది గానీ అది వదిలే ఆమ్లపు ఆవిరి మూసిన పెట్టెలో ఇనుముని, సీసం గుళ్లని తినేస్తుంది. ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు కూడా అదే కోవ.

నాలుగు పక్కలకీ 12 మి.మీ. మందం, 81 మి.మీ. వెడల్పు పలక తీసుకోండి. మూలల కోత తరుగుతో కలిపి మీటరుంపావు చాలు. పై అంచుకి, కింది అంచుకి 3 మి.మీ. లోపలగా 6 మి.మీ. వెడల్పు, 5 మి.మీ. లోతు గాడి తీయాలి. మూతపలక, అడుగుపలక ఒక్కోటీ 307 × 207 మి.మీ., 6 మి.మీ. మందం. గాడిలో ఒక్కో అంచున మి.మీ.న్నర ఖాళీ మిగులుతుంది. ఈ పలకలకి జిగురు పెట్టకూడదు. వానల్లో చెక్క ఉబ్బుతుంది, ఉబ్బే చోటు లేకపోతే మూలలు విచ్చుకుంటాయి.

పెట్టెనీ మూతనీ విడివిడిగా చేయొద్దు. మొత్తం మూసిన డబ్బాగా అతికించి, జిగురు బాగా ఆరాక అడుగు నుంచి 51 మి.మీ. దగ్గర చుట్టూ రంపం వేయించండి. 3 మి.మీ. రంపం కోతకి పోతుంది, అది 81లో లెక్కేశాం. ముందు పొడవు పక్కలు రెండూ కోసి, ఆ సందుల్లో 3 మి.మీ. చెక్కముక్కలు పెట్టి టేపు చుట్టాలి. పొట్టి పక్కలు ఆ తర్వాతే. అలా చేయకపోతే ఆఖరి కోతలో చెక్క రంపాన్ని పట్టేస్తుంది, అంచు చిట్లిపోతుంది.

బందులు ఒకటిన్నర అంగుళం ఇత్తడివి రెండు. ఇత్తడి స్క్రూని నేరుగా టేకులోకి తిప్పితే తల తెగి చేతిలోకొస్తుంది. ముందు సన్నని రంధ్రం, అందులో అదే సైజు ఇనుప స్క్రూ ఒకసారి ఎక్కించి తీసేయడం, ఆపైన కొవ్వొత్తి మైనం రాసిన ఇత్తడి స్క్రూ, ఇదీ క్రమం. మైనం లేదని సబ్బు రాయొద్దు, సబ్బు చెమ్మ లాగుతుంది.

లోపలా బయటా స్పిరిట్‌లో కరిగించిన లక్క పాలిష్ చాలు, 100 గ్రాముల లక్కరేకులకి అరలీటరు. ముసురు రోజున మాత్రం వేయించొద్దు, పాలిష్ తెల్లగా పొగ కమ్మినట్టవుతుంది. అలా అయితే ఎండకాసిన రోజు స్పిరిట్ తడిపిన గుడ్డతో పైపైన ఒకసారి లాగితే పోతుంది.

వెల్వెట్ నూలుది తీసుకోండి. తడి తెల్లగుడ్డ పెట్టి ఇస్త్రీ చేసి చూడండి, రంగు దిగితే పనికిరాదు. బట్టని పెట్టెకే అంటించకుండా 2 మి.మీ. అట్టలకి చుట్టి దించితే రేపు మార్చుకోవచ్చు. నూగు అన్ని ముక్కల్లోనూ ఒకే దిక్కుకి ఉండాలి, లేకపోతే ఒకే తానులో కోసినా రెండు రంగుల్లా కనబడుతుంది. తెల్ల జిగురు ఆరేటప్పుడు పులుపు వాసన వస్తుంది కదా, అదీ ఆమ్లమే. పెట్టె మూత తెరిచి మూడు వారాలు గాలికి వదిలి, వాసన పూర్తిగా పోయాకే పిస్టల్ పెట్టండి.

ప్రశ్న: స్పాంజి ఉన్న రెడీమేడ్ పెట్టె కొన్నాను. ఆర్నెల్లకే పిస్టల్ మీద వేలిముద్రల ఆకారంలోనే తుప్పు వచ్చింది. ఎందుకిలా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఆ ముద్రలు మీ వేళ్లవే. చెమటలోని ఉప్పు ఇనుముకి అంటింది, స్పాంజి చెమ్మ అందించింది, మూత గాలి రాకుండా చేసింది. స్పాంజి తీసేయండి. అది పాతబడ్డాక జిగటగా మారి ఇనుముకి అంటుకుంటుంది కూడా. తుప్పు మచ్చ మీద పల్చటి నూనె వేసి ఒక రోజు నాననిచ్చి, పాత రాగి నాణెం అంచుతో మెల్లగా గీకండి. రాగి ఇనుము కంటే మెత్తన, నల్లరంగు పూతకి పెద్దగా దెబ్బ తగలదు. ఎమెరీ కాగితం తగిలిందా, తుప్పుతో పాటు పూతా పోతుంది. తర్వాత మైక్రోక్రిస్టలైన్ మైనం పల్చగా రాసి, నూలు గ్లౌజులతోనే పట్టుకోండి. నూనె ఎక్కువైనా ముప్పే. గాలిగదిలోకి (గుండుని తోసే గాలి నొక్కుకునే చోటు) దిగితే కాల్చినప్పుడు మండుతుంది, బట్టకి ఎక్కితే మరక పోదు.

ప్రశ్న: ఎక్కుపెట్టి పెట్టెలో ఉంచితే అందంగా ఉంటుందంటున్నారు. ఉంచొచ్చా?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: వద్దు. స్ప్రింగు చచ్చిపోతుంది, ఎవరి చెయ్యో తగిలితే పేలుతుంది. ఖాళీ గొట్టం, వదిలిన స్ప్రింగు, తాళం, వేరేచోట తాళంచెవి. గొట్టం మీద 0.22 (అంగుళాల్లో గొట్టం లోపలి కొలత, అంటే 5.5 మి.మీ.) అని ఉంటే పెట్టె సంగతి తర్వాత, ముందు పోలీసు కమిషనరేట్‌లో లైసెన్సు సంగతి కనుక్కోండి. 2016 ఆయుధ నియమాల ప్రకారం మినహాయింపు 4.5 మి.మీ. గొట్టం, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్నవాటికే.

ప్రశ్న: మూత మీద పాతకాలపు విశాఖపట్నం దంతపు పెట్టెల పనిలా తెల్లటి అంచు కావాలి. గుళ్లకి ఏటికొప్పాక లక్క డబ్బా పెట్టాలని ఉంది.
– ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: దంతం కొనడం నేరం, ఆ ఆలోచన మానేయండి. పశువుల ఎముకని 2 మి.మీ. రేకులుగా కోయించి, అంచు గాడిలో పొదిగి, చదును చేశాక పదునైన సూదిమొనతో లతలు గీయండి. గీతల్లో నల్ల లక్క వేడిచేసి రుద్ది, పైది గీకేస్తే గీతల్లోనే నలుపు నిలుస్తుంది. పాత పనివాళ్లు దంతం మీద చేసింది ఇదే.

ఏటికొప్పాక డబ్బా చూడముచ్చటగా ఉంటుంది, పెట్టుకోండి. గుళ్లని మాత్రం అందులో నేరుగా పోయొద్దు. చెక్క ఆవిరికి సీసం గుళ్ల మీద తెల్లపొడి కడుతుంది. ఆ పొడి విషం, పైగా గుండు గొట్టంలో సరిగ్గా కూర్చోదు. చిన్న రేకు డబ్బాలో పోసి, దాన్ని లక్క డబ్బాలో దించండి.

ప్రశ్న: సిలికా జెల్ ఎంత పెట్టాలి, ఎన్నాళ్లకి మార్చాలి?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: పైన చెప్పిన పెట్టెకి 50 గ్రాముల సంచి ఒకటి, ఊచ గదిలో. నారింజ రంగు గింజలది కొంటే, చెమ్మ పీల్చి ఆకుపచ్చగా మారినప్పుడు తెలిసిపోతుంది. అప్పుడు గింజల్ని ట్రేలో పోసి 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు ఉంచితే మళ్లీ నారింజకి వస్తాయి. జూన్ నుంచి నవంబరు దాకా పదిహేను రోజులకోసారి మూత తీసి చూడండి. సముద్రం వైపు కిటికీ తెరిచి ఉన్నప్పుడు మాత్రం తీయకండి.