ఆటో బ్రైట్‌నెస్ ఆపేశారా? ఎండలో స్క్రీన్ కనిపించకపోవడానికి అదే కారణం కావచ్చు

ప్రశ్న: బైక్ మీద పార్సిళ్లు డెలివరీ చేస్తుంటాను. ఫోన్ వెలుగు దానంతట అదే తగ్గుతూ పెరుగుతూ ఉంటే చికాకేసి ఆటో బ్రైట్‌నెస్ ఆపేశాను. ఇప్పుడు మధ్యాహ్నం పూట బ్రైట్‌నెస్ ఫుల్‌గా పెట్టినా అడ్రస్ కనిపించడం లేదు. స్క్రీన్ మార్పించాలా? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: అప్పుడే డబ్బు ఖర్చు పెట్టకండి. ఆటో బ్రైట్‌నెస్ మళ్లీ ఆన్ చేసి, ఎండలో నిలబడి పది, పదిహేను సెకన్లు చూడండి. ఇప్పుడొస్తున్న చాలా ఓలెడ్ (ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే రకం స్క్రీన్) ఫోన్లలో స్లైడర్‌ను మనం చివరిదాకా జరిపినా స్క్రీన్ తన పూర్తి శక్తితో వెలగదు. ఆ పైన ఉన్న వెలుగును ఎండ కోసమే అట్టిపెడతారు. ఐఫోన్ 15నే తీసుకోండి. మామూలుగా గరిష్ఠం 1000 నిట్లు (స్క్రీన్ వెలుగును కొలిచే ప్రమాణం), ఆరుబయట 2000 నిట్లు అని ఆపిల్ చెబుతుంది. ఇలాంటి అదనపు వెలుగు బయట ఎండ గట్టిగా ఉందని ఫోన్‌లోని లైట్ సెన్సర్ చెప్పినప్పుడే వస్తుంది. ఆటో ఆపేస్తే సెన్సర్ మాట వినేవాళ్లే ఉండరు. ఎప్పుడూ అంత వెలుగు ఇస్తే బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, ఫోన్ వేడెక్కుతుంది, ఓలెడ్ పిక్సెళ్ల ఆయుష్షు తగ్గుతుంది. అందుకే ఈ కట్టడి. కొన్ని శాంసంగ్ ఫోన్లలో మాత్రం ఆటో ఆపినప్పుడు డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 'ఎక్స్‌ట్రా బ్రైట్‌నెస్' అనే స్విచ్ కనిపిస్తుంది.

ఆ సెన్సర్ ఫోన్ పైభాగంలో, ముందు కెమెరా దగ్గరలో ఉండే చిన్న ఫొటోడయోడ్. మీద పడే వెలుతురును లక్స్‌లలో కొలుస్తుంది. రాత్రి ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద సుమారు 100 లక్స్ ఉంటే, నడినెత్తి ఎండలో లక్ష దాకా ఉంటుంది. గదిలోంచి వాకిట్లోకి అడుగు పెడితే వెలుతురు వెయ్యి రెట్లు పెరిగిందన్నమాట. కన్ను సర్దుకుంటుంది కాబట్టి మనకు అంత తేడా తెలియదు. స్క్రీన్‌ను మాత్రం ఎవరో ఒకరు సర్దాలి. రోజుకు యాభై గడపలు ఎక్కి దిగే మీరు ప్రతిసారీ వేలితో ఆ పని చేయలేరు.

ఇక మీ చికాకు సంగతి. చెట్ల నీడల కింద బండి వెళ్తుంటే వెలుగు కొంత మారడం సహజం. ఒకేచోట కూర్చున్నా మారుతోందంటే ముందు టెంపర్డ్ గ్లాస్‌ను అనుమానించండి. మా నాన్నగారి ఫోన్ పట్టపగలు కూడా మసకగా ఉండేది. వేరే మోడల్ గ్లాస్ అంటించారు, దాని నల్లటి అంచు సరిగ్గా సెన్సర్ మీద పడింది. గ్లాస్ తీయగానే బాగైంది. ఫోన్‌ను అడ్డంగా పట్టుకుని వీడియో చూస్తుంటే మన వేళ్లే సెన్సర్‌ను మూసేస్తాయి, అది కూడా గమనించండి.

పరీక్షించడం తేలిక. ఆటో ఆన్‌లో ఉంచి, నోటిఫికేషన్లు కిందికి లాగి, బ్రైట్‌నెస్ స్లైడర్ మీద కన్నేసి ఉంచండి. ఫోన్ పైభాగాన్ని అరచేత్తో మూయండి, తర్వాత ఇంకో ఫోన్ టార్చ్ దాని మీద వేయండి. స్లైడర్ కదిలితే సెన్సర్ పనిచేస్తున్నట్టే. వెలుగు పెరగడం కన్నా తగ్గడం నెమ్మదిగా జరుగుతుంది, కంగారు పడకండి. ప్రతి చిన్న నీడకూ స్క్రీన్ మిణుకు మిణుకుమనకుండా కావాలనే అలా పెట్టారు. శాంసంగ్ గెలాక్సీ అయితే చాలా మోడళ్లలో డయలర్‌లో *#0*# కొట్టి, సెన్సర్ బటన్ నొక్కితే లక్స్ అంకె కూడా కనిపిస్తుంది.

సెన్సర్ బాగున్నా ఆ వెలుగు మీ కంటికి నచ్చకపోతే ఆటోను ఆపకండి. అది ఆన్‌లో ఉండగానే స్లైడర్‌ను మీకు నచ్చిన చోటికి జరపండి. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచి 'అడాప్టివ్ బ్రైట్‌నెస్' పేరుతో ఇది మీ అలవాటు నేర్చుకుంటోంది. ఇంత వెలుతురులో ఈ మనిషికి ఇంత చాలు అని గుర్తు పెట్టుకుంటుంది. కొన్ని రోజులు ఓపికగా దిద్దండి. ఆపేస్తే అది నేర్చుకునే అవకాశమే ఉండదు.

ఒక్కటి మాత్రం ఏ సెట్టింగూ ఆపలేదు. మే నెల ఎండలో హ్యాండిల్ స్టాండ్‌లో గంటసేపు ఉన్న ఫోన్ కాలిపోతుంటే, తనను తాను కాపాడుకోవడానికి వెలుగు తగ్గించేస్తుంది. స్టాండ్‌కు చిన్న గొడుగు లాంటి నీడ పెట్టండి, మందపాటి కవర్ తీసేయండి, ఎండలో ఉన్నంతసేపు చార్జింగ్ పెట్టకండి. మీరు కూడా నీళ్లు తాగుతూ ఉండండి.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో లైట్ సెన్సర్ లేదు. అయినా తెల్లటి వర్డ్ పేజీ నుంచి నల్లటి కోడింగ్ విండోకి మారగానే వెలుగు మారిపోతోంది. విండోస్ 11. (ఒక విద్యార్థిని, వరంగల్)

జవాబు: అది గదిలో వెలుతురును కాదు, స్క్రీన్ మీద ఉన్న బొమ్మను చూసి మారుతోంది. బ్యాటరీ ఆదా కోసం పెట్టిన ఏర్పాటు. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లేలోకి వెళ్లి బ్రైట్‌నెస్ పక్కనున్న బాణం గుర్తు నొక్కండి. 'చేంజ్ బ్రైట్‌నెస్ బేస్డ్ ఆన్ కంటెంట్' దగ్గర ఆఫ్ ఎంచుకోండి. అప్పటికీ ఆగకపోతే ఏఎండీ గ్రాఫిక్స్ ఉన్నవాళ్లు రేడియాన్ సాఫ్ట్‌వేర్‌లో 'వారీ బ్రైట్' ఆపాలి. ఇంటెల్ అయితే గ్రాఫిక్స్ యాప్‌లో పవర్ విభాగం చూడండి. ఫొటోలు ఎడిట్ చేసేవాళ్లు ఇది తప్పకుండా ఆపుకోవాలి, లేకపోతే వెలుగునీడల అంచనా తప్పుతుంది. నిజంగా సెన్సర్ ఉన్న ల్యాప్‌టాప్‌లో అయితే అక్కడే చుట్టూ వెలుతురు మారినప్పుడు బ్రైట్‌నెస్ మార్చమనే ఆప్షన్ విడిగా కనిపిస్తుంది.

ప్రశ్న: అమ్మకు ఐఫోన్ కొనిచ్చాను. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ట్రూ టోన్ ఉంది గానీ ఆటో బ్రైట్‌నెస్ లేదు. (ఒక పాఠకుడు, డాలస్)

జవాబు: అది యాక్సెసబిలిటీలో, 'డిస్‌ప్లే అండ్ టెక్స్ట్ సైజ్' లోపల, అన్నిటికన్నా అడుగున ఉంటుంది. ఐఓఎస్ 11 నుంచి అక్కడికి మార్చారు. ట్రూ టోన్ పని వేరు, గదిలో లైటు రంగును బట్టి స్క్రీన్ తెలుపును పసుపు వైపో నీలం వైపో జరుపుతుంది. అమ్మగారు ఆన్‌లైన్‌లో చీరలు చూసేటప్పుడు ట్రూ టోన్‌నూ, రాత్రిపూట స్క్రీన్‌ను పసుపు వైపు మార్చే నైట్ షిఫ్ట్‌నూ కాసేపు ఆపమనండి. రంగు కొంచెం నమ్మకంగా తెలుస్తుంది.