ఫార్వర్డ్ ఆడే పిల్లోన్ని డిఫెండర్‌గా మార్చితే

అన్నా, కదిరిలో మీవాన్ని ఫుట్‌బాల్ కోచ్ ఫార్వర్డ్ (ముందుండి గోల్ కొట్టే చోటు) నుంచి తీసి సెంటర్ బ్యాక్‌లో (వెనక నడిమధ్య గోల్‌ను కాపాడే చోటు) పెట్టినాడని, ఎత్తు చూస్తే 5 అడుగుల 7 అంగుళాలేనని, ఇంక ముందుకు పోలేడేమో అని అడిగినారు. అంత దిగులు అక్కర్లేదు.

ఇటలీ డిఫెండర్ ఫాబియో కన్నవారో ఎత్తు 176 సెంటీమీటర్లే. 2006లో కెప్టెన్‌గా ప్రపంచ కప్ గెలిచినాడు, అదే ఏడు మేటి ఆటగానికిచ్చే బాలన్ డి'ఓర్ బహుమతి కూడా కొట్టినాడు. బంతి యాడ పడుతుందో ముందే పసిగట్టి, టైం చూసి ఎగిరేవాడు. మీవాడు నేర్చుకోవాల్సింది అదే. ఎదుటివాని కాళ్ల గారడీ చూడకుండా బంతినే చూడమనండి. ఒళ్లు కాస్త పక్కకు తిప్పి, మోకాళ్లు వంచి, వెనక్కి జరుగుతా వాన్ని టచ్‌లైన్ (మైదానం పక్క గీత) వైపు తోలాల. తొందరపడి కాలు పెట్టినాడా, అయిపాయె! ఫార్వర్డ్ బుద్ధి ఎట్లా పనిచేస్తుందో వీనికి ముందే తెలుసు కదా, అది పెద్ద లాభం.

పైగా డిఫెండర్లు ఎక్కువకాలం ఆడొచ్చు. ఇటలీ డిఫెండర్ మాల్దీని 2009లో రిటైరైనప్పుడు వయసు 40.

మరీ ఇబ్బందైతే ఫుల్ బ్యాక్ (వెనక పక్కలను కాపాడే చోటు) అడగండి, అక్కడ ఎత్తు అంత పట్టించుకోరు. అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ) స్పోర్ట్స్ విలేజ్‌కు పోయి ఫుట్‌బాల్ సెలెక్షన్లు ఎప్పుడో కనుక్కోండి. చదువు మాత్రం మాన్పించొద్దన్నా.