ముందు బెడ్డు లెక్క తేల్చు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

తాగుడు మాన్పించే మన కావలి సెంటర్ లెక్కలు చూశాను. బియ్యం బాకీ, ఇంటద్దె, నర్సు జీతం అన్నీ ఒకే పేజీలో కలిపేశారు. ముందు ఒక్క బెడ్డుకు నెలకెంత పడుతుందో తేల్చు. నెల ఖర్చు 2,10,000 అనుకో. ఉన్న 20 బెడ్లతో భాగిస్తే 10,500 వస్తుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది. నిండేవి 14 అయితే అసలు ఖర్చు 15,000. దాతను అడిగినా, ఫీజు పెట్టినా ఈ రెండో అంకెతోనే మాట్లాడు.

ఫీజు మాటెత్తితే 'మనది సేవ కదా' అంటావు. రొయ్యల చెరువులున్న ఆసామి కొడుకునూ, బేల్దారి కూలి మొగుణ్ణీ ఒకే లెక్కన చేర్చుకోవడం సేవ కాదమ్మా, మొహమాటం. ఉన్నవాళ్ల దగ్గర పూర్తి ఖర్చు తీసుకుని రసీదివ్వు. లేనివాళ్ల దగ్గర ఇవ్వగలిగినంత తీసుకో, అదీ లేకపోతే వదిలెయ్. గది, భోజనం మాత్రం అందరికీ ఒకటే. ఇంకో మాట గట్టిగా చెబుతున్నా. ఫీజు కట్టే పేషెంటు కదా అని, ఇంటికి పంపాల్సినవాణ్ని ఇంకో నెల ఉంచుకోకు. ఈ లైనులో పేరు పోయేది అక్కడే.

కేంద్ర ప్రభుత్వ గ్రాంటుకు అప్లికేషన్ పెట్టు, కానీ దాన్ని నమ్ముకుని కొత్తగా ఎవర్నీ పనిలో పెట్టుకోకు. పాత డబ్బు దేనికి ఖర్చయిందో చూపే ధ్రువపత్రం (యూసీ) ఇస్తేగానీ కొత్తది కదలదు, ఆ లోపు జీతాలు ఆగుతాయి. జీతం ఆగితే ముందు వెళ్లిపోయేది మంచి నర్సే. మూడు నెలల జీతాలు వేరే ఖాతాలో పెట్టు. గ్రాంటు వస్తే, ఆ డబ్బుతో నడిచే బెడ్లకు ఫీజు తీసుకోవచ్చో లేదో నిబంధనల్లో చూసుకున్నాకే రసీదు పుస్తకం తియ్యి.

వైన్ షాపాయన పెద్ద చందా ఇస్తానన్నాడని రాశావు. వద్దు. సారా వేలంపాటలకు ఎదురు తిరిగిన దూబగుంట మన నెల్లూరు జిల్లాలోదే. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా అమ్మకం ఆగిందంటే, మొదలు ఆ ఊరి ఆడవాళ్లే. ఆ ఊపులోనే రోజుకో రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలొచ్చాయి. మన దగ్గర బాగుపడి వెళ్లినవాళ్ల ఇళ్లల్లోనూ అలాంటి ఆడవాళ్లున్నారు. నెలకు నూరో రెండొందలో ఇమ్మని వాళ్లనడుగు. చిన్న మొత్తమే అయినా నెలనెలా వస్తుంది. పేషెంట్ల ఫోటోలు, పేర్లు చూపించి మాత్రం చందా అడగొద్దు.

దాతలకు పన్ను మినహాయింపు కోసం ఇచ్చే రసీదు (80జి) సంగతీ చూసుకో. 2,000 దాటిన నగదుకు మినహాయింపు రాదు, చెక్కో ఫోన్‌పేనో అడుగు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగులకు అసలా మినహాయింపే లేదు, ముందే చెప్పెయ్. కృష్ణపట్నం వైపు కంపెనీల దగ్గరికి సీఎస్ఆర్-1 నంబరు, అంటే కంపెనీల సామాజిక బాధ్యత నిధులు తీసుకోవడానికి కావాల్సిన రిజిస్ట్రేషన్, వచ్చాకే వెళ్లు. 'సాయం చేయండి' అనకుండా, 'ఏడాదికి ఒక నర్సు జీతం ఇంత' అని కాగితం చేతిలో పెట్టు.

బెడ్డు లెక్క తేలగానే ఫోన్ చెయ్. బియ్యం కొట్టాయనతో వాయిదాల సంగతి నేను మాట్లాడతా.

మీ పెదనాన్న