రోజూ రాత్రి క్యూబ్ మొత్తం ఫుల్ ప్రాసెస్ చేయక్కర్లేదండి

మీరు భీమవరంలో రొయ్యల ప్లాంటు అన్నారు. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎనాలిసిస్ సర్వీసెస్‌లో కొనుగోళ్ల క్యూబ్ (రిపోర్టుల కోసం ముందే కూడి పెట్టుకున్న డేటా) ఉంది, రాత్రి దాన్ని నింపే జాబ్ తెల్లారినా అవ్వట్లేదు, ఈలోగా ఎక్సెల్ రిపోర్టులు తెరుచుకోవట్లేదు అని మీ ప్రశ్న. తణుకు దగ్గర ఒక రైస్ మిల్లుల సంస్థలో నేను చూసే పని ఇదే.

మీ జాబ్‌లో డైమెన్షన్లకి (రైతు, ఏజెంటు, మండలం లాంటి జాబితాలు) ఒక స్టెప్, క్యూబ్‌కి ఇంకోటి ఉండి, రెండూ ‘ప్రాసెస్ ఫుల్’ (ఉన్నదంతా తీసేసి మొదటి నుంచి నింపడం) అయి ఉంటాయని నా అనుమానం. డైమెన్షన్‌ని ఫుల్ చేశారంటే దాన్ని వాడే క్యూబ్ ప్రాసెస్ కాని స్థితిలోకి వెళ్లిపోతుంది. రెండో స్టెప్ పూర్తయ్యేదాకా రిపోర్టులు రావు.

డైమెన్షన్లకి రోజూ ‘ప్రాసెస్ అప్‌డేట్’ చాలు. కొత్త రైతు చేరినా, ఏజెంటు పేరు దిద్దినా అది తీసుకుంటుంది, క్యూబ్‌లో పాత డేటా ఎక్కడికీ పోదు. ఇక కొనుగోళ్లని నెలకో పార్టిషన్‌గా విడగొట్టండి. మాకు సార్వా, దాళ్వా కోతలప్పుడు తూకం చీటీలు ఆలస్యంగా వస్తాయి కాబట్టి ఈ నెల, పోయిన నెల పార్టిషన్లు మాత్రమే ఫుల్ చేస్తాం. మీ దగ్గర కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు), రేటు దిద్దుబాట్లు ఎంత వెనక్కి వెళ్తాయో అకౌంట్స్ వాళ్లని అడిగి తేల్చుకోండి.

ఆఖరున క్యూబ్‌కి ‘ప్రాసెస్ ఇండెక్సెస్’ (ఇండెక్సులు, అగ్రిగేషన్లు తిరిగి కట్టే స్టెప్) తప్పనిసరి. అప్‌డేట్‌లో ఏజెంటు ఒక రూటు నుంచి ఇంకో రూటుకి మారితే, పాత పార్టిషన్లలో ఫ్లెక్సిబుల్ అగ్రిగేషన్లు (మారే సంబంధాల మీద ముందే వేసి ఉంచిన మొత్తాలు) పడిపోతాయి. అంకెలు సరిగ్గానే వస్తాయి, రిపోర్టు మాత్రం ఈడుస్తుంది. ఈ స్టెప్ లేకుండానే కొత్త సర్వర్ కొనేసినవాళ్లని చూశాను, బాధేసింది.

మండలం, జిల్లా మధ్య సంబంధం ‘రిజిడ్’ (ఎప్పటికీ మారదు) అని ఉందేమో కూడా చూడండి. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు కైకలూరు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాకి మారింది. అలాంటి మార్పు వస్తే రిజిడ్ సంబంధం మీద ప్రాసెస్ అప్‌డేట్ ఫెయిలవుతుంది, ఫుల్ తప్ప దారి ఉండదు. మేము ఫ్లెక్సిబుల్‌గానే ఉంచాం.

‘ఆట్రిబ్యూట్ కీ దొరకలేదు’ అనే ఎర్రర్ వస్తే, కొనుగోలు రికార్డు వచ్చింది కానీ ఆ రైతు డైమెన్షన్‌లోకి ఎక్కలేదని అర్థం. ఎర్రర్లు పట్టించుకోవద్దనే సెట్టింగ్ జోలికి దయచేసి వెళ్లకండి. సెట్టింగ్‌ని బట్టి ఆ సరుకు ‘అన్‌నోన్’ కిందకైనా పోతుంది, లెక్కలోంచే అయినా పోతుంది. డైమెన్షన్ ముందు, పార్టిషన్ తర్వాత అన్న వరస సరిచేస్తే చాలాసార్లు ఆ ఎర్రర్ దానంతటదే పోతుంది.

వీటన్నిటినీ ఒకే ఎక్స్‌ఎంఎల్ఏ (ఎనాలిసిస్ సర్వీసెస్‌కి ఆదేశాలిచ్చే భాష) బ్యాచ్‌లో, ఒకే ట్రాన్సాక్షన్‌గా (అయితే అన్నీ అవ్వాలి, లేకపోతే ఏదీ కాదు) పెట్టి, టైముకి జాబ్‌లు నడిపే ఎస్‌క్యూఎల్ ఏజెంట్‌తో నడపండి. గాలివానకి మధ్యలో కరెంటు పోయినా నిన్నటి డేటా అయినా మిగులుతుంది. కొత్తది కమిట్ (ఖరారు) అయ్యేదాకా పాత ఫైళ్లు కూడా డిస్క్ మీదే ఉంటాయి కాబట్టి ఖాళీ జాగా చూసుకోండి. మామూలు డేటాబేస్ బ్యాకప్‌లో క్యూబ్ రాదు, దానికి ఏబీఎఫ్ ఫైలు (ఎనాలిసిస్ సర్వీసెస్ సొంత బ్యాకప్) విడిగా తీయాలి.